నిమ్మళం బాబూ, నా కుళ్ళుమోతు సాక్ష్యమూ

ఆ రోజుల్లో నాకు జీతం తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికంతా పక్కవాళ్ళని చూసి ఏడవడానికే సరిపోయేది. ట్రాములో కిటికీ పక్క సీటు దొరికినవాణ్ణి చూసి ఏడ్చాను. ఎండాకాలంలో కూడా క్రాపు చెదరనివాణ్ణి చూసి ఏడ్చాను. మా వీధిలో ఒకడికి కరెంటు పోయినప్పుడల్లా ఎక్కణ్ణుంచో గాలి వచ్చే గది ఉండేది, వాడి మీద రెండు వేసవులు ఏడ్చాను. (కలకత్తాలో ఆ కాలంలో కరెంటు ఎన్నిసార్లు పోయేదో తెలిసినవాళ్ళు నన్ను తప్పుపట్టరు.) కాని ఇవన్నీ చిల్లర ఏడుపులు. తిండి సయించకుండా, నిద్రపట్టకుండా, మనసారా ఒక మనిషిని చూసి కుళ్ళుకున్నది మాత్రం ఒక్కసారే. ఆ మనిషి అసలు పేరు చెప్పను. డాక్‌లో అందరూ ఆయన్ని నిమ్మళం బాబు అనేవారు, నేనూ అదే అంటాను.

ఆయన రాకముందు ఆ చుట్టుపక్కల బాబంటే నేనే. ఖిదిర్‌పూర్ డాక్ గేటుకి కాస్త దూరంలో ఒక సర్వేయరు ఆఫీసులో నా ఉద్యోగం. ఓడలోంచి దించే సరుకు తడిసినా, పగిలినా, ఎవరి నెత్తిమీదైనా పడినా, తప్పు ఎవరిదో తేల్చి బీమావాళ్ళకి రాయడం మా ఆఫీసు పని. డాక్‌లో కూలీలు సగంమంది శ్రీకాకుళం వైపువాళ్ళు. వాళ్ళు తెలుగులో చెప్పేది విని ఇంగ్లీషులో స్టేట్‌మెంటు రాసేవాడు ఒకడు కావాలి కాబట్టి నన్ను పెట్టుకున్నారు. నేను వాళ్ళ మధ్యనే పుట్టినవాణ్ణి, మా నాన్నా అక్కడే బస్తాలు మోశాడు. నా గొప్పంతా వేగంలో ఉండేది. "ఎక్కడున్నావు? చూశావా, లేదా? తాడు తెగిందా, జారిందా? తెగిందిలే. వేలిముద్ర వెయ్యి." ఇంతే. ఎదుటివాడు నోరు తెరిచేలోపు వాడి వాక్యం నేనే పూర్తిచేసి రాసేసేవాణ్ణి. మా ఆఫీసు హెడ్డుగుమాస్తాని అందరూ బొడొబాబు అనేవారు, బెంగాలీలో పెద్దబాబు అని. ఆయన నన్ను చూపించి వచ్చినవాళ్ళతో "ఏ ఛేలే తో మెయిల్ ట్రేన్!" అనేవాడు. కుర్రాడు కాదు, మెయిల్ బండి అని. నేను బండిలాగే ఊదుకుంటూ తిరిగేవాణ్ణి.

అలాంటి రోజుల్లో హైదరాబాదు శాఖ నుంచి ఒకాయన్ని ఆరునెలల పనిమీద పంపించారు. వరంగల్ వైపు మనిషి. నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్ద, సన్నగా, పొడుగ్గా, గొంతు పైకెత్తకుండా మాట్లాడతాడు. ఎక్కడో శిక్షణలో సాక్షుల్ని అడిగే కొత్త పద్ధతి నేర్చుకొచ్చాడట, బయటి దేశాల్లో పోలీసులకి నేర్పుతున్నారట. మొదటిరోజు ఆయన పని చూసి నాకు నవ్వాగలేదు. సాక్షిని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, వాడి ఊరేదో, వానలు పడ్డాయో లేదో కనుక్కుని, తరవాత అంటాడు: "ఇగ నిమ్మళంగ జెప్పు. ఆ జాగల మల్ల నిలవడ్డట్టు అనుకో. ఏం వాసనొస్తుండె, ఏం చప్పుడైతుండె, నీ మనసుల ఏం నడుస్తుండె, అన్ని జెప్పు. చిన్నదని ఇడిసిపెట్టకు. తెల్వకపోతె తెల్వదను." అని, పెన్ను కింద పెట్టి, ఊరుకుంటాడు. సాక్షి ఆగితే తనూ ఆగుతాడు. మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యడు. అంతా అయ్యాక, "ఇప్పుడు ఆఖరికెల్లి మొదటికి జెప్పు" అంటాడు. అదీ అయ్యాక, "నీ ఎదురుంగ ఉన్నాయన జాగల నువ్వుంటె ఏం గానొచ్చేది?" అంటాడు. ఒక పగిలిన పీపా గురించి ఒక పూటంతా. నేనైతే ఆ పూటలో ఓడ మొత్తం దింపించేవాణ్ణి.

వారం తిరక్కుండా నా నవ్వు ఆగిపోయింది. కూలీలు ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నా బల్ల దాటి లోపలికి తొంగిచూసి, "నిమ్మళం బాబు లేరేటి?" అని అడగడం మొదలుపెట్టారు. నేనున్నాను కదా అంటే, "మీకేటి పని తొందరుంటాది బాబూ, మీరు రాసుకోండి, మేం కూకుంటాం" అనేవారు. మా ఊరివాళ్ళు, మా యాస, మా నాన్నతో బస్తాలు మోసినవాళ్ళు! ఆ వరంగల్ మాట వీళ్ళకి సగం అర్థం కాదు, వీళ్ళ మాట ఆయనకి సగం అర్థం కాదు. అయినా ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పెళ్ళివారిలా మురిసిపోయేవారు. నాకు కడుపు మండిపోయేది.

కడుపు మంటకి అసలు కారణం వేరే ఉంది. అది మా మావయ్య కూతురు. మావయ్య డాక్‌లో సిగ్నల్ మేన్. ఓడ మీద వించి అనే బరువులెత్తే యంత్రం తిప్పేవాడికి బరువు దిగే చోటు కనపడదు, అంచున నిలబడ్డ సిగ్నల్ మేన్ చెయ్యి చూసి బరువు ఎత్తడం, దించడం చేస్తాడు. ఆ చెయ్యి మా మావయ్యది. మరదలు బెంగాలీ బళ్ళో చదువుకుంది, తెలుగు మాట్లాడుతుంది గాని అక్షరాలు సరిగ్గా రావు. నేర్పుతానని నేను రెండేళ్ళుగా అంటున్నాను. రెండుసార్లు కూర్చోబెట్టాను కూడా. 'ఖ' దగ్గర తడబడితే అరిచాను, పలక మూసేసి వెళ్ళిపోయింది. ఆమెకీ నాకూ పెళ్ళని ఇంట్లో అందరూ అనుకునేవారు గాని ఎవరూ గట్టిగా అన్లేదు. గట్టిగా అనాల్సింది నేనే అని నాకు తెలిసేది కాదు.

పరాయి ఊరు వచ్చిన తెలుగు మనిషి హోటల్లో తింటున్నాడని జాలిపడి మావయ్య ఆదివారాలు నిమ్మళం బాబుని భోజనానికి పిలవసాగాడు. మొదటి ఆదివారమే మరదలు ఆయన్ని "దాదా" అంది. అన్నయ్య అన్నమాట! ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. పొద్దున్నే బస్సెక్కాక కండక్టర్ని అందరూ దాదా అంటున్నారు, చేపలవాణ్ణి దాదా అంటున్నారు, నా కాలు తొక్కినవాణ్ణి నేనే దాదా అన్నాను. కలకత్తాలో ఆ పిలుపు మీద ఏ భరోసా పెట్టుకోలేమని అప్పుడు తట్టింది. మూడో ఆదివారానికి ఆమె ఆయన దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుతోంది. 'ఖ' దగ్గర తడబడితే ఆయన ఊరుకున్నాడు. ఊరుకోవడమే. ఆమె తనే దిద్దుకుంది. "దాదా ఇంటాడు బావా" అని నాతో అంది, అదేదో విటమిను పేరులాగ. "నాను ఇననా?" అన్నాను. "నువ్వు ఇన్నావా?" అని అడిగింది, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

ఇలా ఉండగా ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళకి డాక్‌లో చక్కెర బస్తాల లోడు ఒకటి దిగకూడని చోట దిగింది. తాడు ఉచ్చులో బస్తాలు గాల్లో వేలాడుతున్నాయి, లారీ ఇంకా రాలేదు. లారీ రావాల్సిన చోట ఓడ ఏజెంటు కంపెనీ మేనేజరుగారి అంబాసిడర్ కారు నిలబెట్టి ఉంది. (నీడ చూసి డ్రైవరు అక్కడ పెట్టి టీకి వెళ్ళాడు. మేనేజరుకి ఆ సంగతి తెలియదు.) వేలాడుతున్న బస్తాలు ఉన్నట్టుండి జరజరా దిగి కారు మీద కూర్చున్నాయి. కారు ముందుభాగం అప్పడమైపోయింది, చక్కెర ధారలు కట్టింది. దేవుడి దయవల్ల మనిషెవరికీ గీత పడలేదు. ఆ మేనేజరు ఎంత ఎండలోనూ కోటు, మెడలో టై విప్పని మనిషి, అందరూ టై సాహెబు అనేవారు. ఆయన గోడౌన్ వైపునుంచి పరుగెత్తుకొచ్చి కారు చుట్టూ తిరుగుతూ మొదట అన్నమాట: "సిగ్నల్ మేన్ ఎవడు?"

ఆ సాయంత్రమే మావయ్యని పనిలోంచి ఆపేశారు. విచారణలో తప్పు అతనిదని తేలితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతోపాటు డాక్ క్వార్టరు పోతుంది, నలభై దాటిన మనిషి మళ్ళీ బస్తాలు మోసుకోవాలి. మరదలు ఏడవలేదు గాని ఆ వారం కూర వండి ఉప్పు వెయ్యడం మరచిపోయింది.

మావాళ్ళకి ఒక అలవాటుంది. ఏ ఆఫీసుకి వెళ్ళాలన్నా ముందురోజు యూనియన్ గదిలో అందరూ కూర్చుని, లీడరు దాదా టీ తెప్పిస్తే, ఎవరేం చెప్పాలో ఒకే మాట చేసుకుని లేస్తారు. ఎర్రజెండా కింద నేర్చుకున్న పద్ధతి, అందరిదీ ఒకే గొంతు ఉంటే యజమాని ఎవరినీ విడదీయలేడని. బోనస్సుకీ సమ్మెకీ అది బాగా పనిచేసేది. ఇప్పుడూ అలాగే కూర్చున్నారు. నిజానికి బస్తాలు దిగిన క్షణంలో ఎవడూ అటు చూడలేదు, అందరూ అన్నం క్యారియర్ల వైపు చూస్తున్నారు. మావయ్య ఆలోచించి, "వించి దిగినాదంటే నా సెయ్యే ఆడుంటాది మరి. నా సెయ్యి ఆడకుండా వించి దిగదు గదా" అన్నాడు. న్యాయంగానే ఉంది. "అయితే గాలి ఒచ్చినాదని కూడా సెప్పుదాం, గాలికి లోడు ఊగిపోనాది, ఎవులిదీ తప్పు కాదు" అని గ్యాంగంతా తీర్మానించింది. మర్నాడు ఒక్కొక్కళ్ళూ నా బల్ల ముందు నిలబడి అదే పాఠం ఒప్పగించారు: మావయ్య చెయ్యి ఆడించాడు, గాలి వచ్చింది, లోడు కారు మీద పడింది. నేను మెయిల్ బండిలా రాసుకుపోయాను. అక్షరం పొల్లుపోకుండా అందరిదీ ఒకటే! ఇంత మంచి సాక్ష్యం నా సర్వీసులో చూడలేదని బొడొబాబుతో గర్వంగా అన్నాను. మావయ్యని ఒడ్డున పడేశానని లోపల మురిసిపోయాను.

బొడొబాబు కాగితాలు చదివి కళ్ళజోడు తీశాడు. ఆ రోజు ఆకు కూడా కదల్లేదని, ఉక్కపోతకి తనే రెండు రుమాళ్ళు తడిపానని చెప్పి గాలిని కొట్టేశాడు. గాలి పోయాక ఏం మిగిలింది? చెయ్యి మిగిలింది. మావయ్య చెయ్యి. దానికి ఇంతమంది సాక్షులు, మధ్యలో నా చక్కని ఇంగ్లీషు.

అప్పుడు మూల బల్ల దగ్గర్నుంచి నిమ్మళం బాబు మెల్లగా అన్నాడు: "గింతమంది ఒక్క తీర్గ ఎట్ల జూస్తరు? ఇందుల ఎవ్వరు సూడలే. నాకు జర టైమియ్యిండ్రి, ఒక్కొక్కల్ల తోని మాట్లాడ్త." బొడొబాబు విచారణ రోజు దాకా గడువిచ్చాడు. మా మావయ్యని కాపాడటానికి నేను పనికిరాకుండా పోయి ఆయన పనికొస్తున్నాడు! మరదలు ఆ మాట విని, "దాదా చూసుకుంటాడు, చింతా కొరొ నా" అని వాళ్ళమ్మకి ధైర్యం చెప్పింది. ఆ ధైర్యం నాకు ముల్లులా దిగింది. ఆయనకంటే ముందు నేనే నిజం కనిపెట్టి తీరాలని పంతం పట్టి, ఆయన పద్ధతే ఆయనకి తెలియకుండా వాడటం మొదలుపెట్టాను. గ్యాంగులో ఒకణ్ణి భోజనమయ్యాక కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాను, ఆ క్షణానికి వెళ్ళమన్నాను. వాడు వెళ్ళాడు. గురక వినపడేదాకా నాకు తెలియలేదు. ఇంకొకడి దగ్గర నిమ్మళం బాబులాగే ఏమీ అడక్కుండా వాడి ముఖంలోకి చూస్తూ ఊరుకున్నాను. వాడూ నా ముఖంలోకి చూశాడు. చాలాసేపు అయ్యాక, "బాబూ, ఒంట్లో బాగోలేదేటి? ఇంటికి దిగబెట్టీమంటారా?" అన్నాడు.

నిమ్మళం బాబు మావయ్యతో మాట్లాడిన రోజు నేను తలుపవతలే ఉన్నాను. (ఫైలు వెతుకుతున్నాను. తలుపు పక్కన ఫైళ్ళేమీ ఉండవు, అయినా వెతికాను.) మావయ్య మొదట పాఠమే చెప్పాడు, చెయ్యి ఆడించానని, గాలి వచ్చిందని. ఆయన కాదనలేదు. "సరే. అది పక్కకు వెట్టు. ఓడ అంచుకు నిలవడ్డవు. కాళ్ళకింద ఏమున్నది? చేతుల ఏమున్నది?" అన్నాడు. తరవాత చాలాసేపు ఫ్యాను చప్పుడే. "కాళ్ళకింద ఇనప పలక. కాలిపోతంది. లారీ రాలేదని నిలబడిపోనాను," అని మావయ్య మెల్లగా మొదలుపెట్టాడు. "నోరు సప్పగుంది. ఖైనీ తీసినాను. సున్నం ఏసినాను. ఎడం సేతిలో పెట్టి కుడి బొటనేలితో నలుపుతన్నాను. తల ఒంచుకునే ఉన్నాను, ధూళి కళ్ళలో పడకుండ. అప్పుడే ఆ సప్పుడొచ్చినాది. ఖైనీ అంతా పంచె మీద పడిపోనాది..." అని ఆగిపోయాడు. నాకు తలుపు సందులోంచి కనిపించింది, తన రెండు చేతుల్నీ ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు. "రెండు సేతులూ ఖైనీలో ఉంటే నానేటి ఆడించినాను బాబూ?" అన్నాడు. వెంటనే చేతులు పంచెకి తుడుచుకుని, "పనిలో ఖైనీ నలిపినానని మాత్తరం రాయకండి, ఫైనేస్తారు" అన్నాడు.

వించి తిప్పినవాడు బీహారు నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు, అందరూ భయ్యా అనేవారు. వాడూ మొదట సిగ్నల్ మేన్ చెయ్యే అన్నాడు. ఎదుటివాళ్ళంతా అదే అంటుంటే తనకి వేరేగా ఎందుకు గుర్తుంటుంది? నిమ్మళం బాబు వాణ్ణి వించి దగ్గరికే తీసుకెళ్ళి నిలబెట్టి, చెయ్యి ఎలా ఉందో చెప్పమన్నాడు. మనిషిని కాదు, చెయ్యిని. వాడు కళ్ళు మూసుకుని, "హాథ్ దేఖా బాబూ. నీచే సే. బాఁహ్ పూరీ ఢకీ థీ," అని చెయ్యి పొడవునా గీత గీసి చూపించాడు. కిందనుంచి, దూరంగా ఒడ్డు మీదనుంచి ఊగిన చెయ్యి. మణికట్టుదాకా గుడ్డ ఉన్న చెయ్యి. మావయ్య ఓడమీద ఉన్నాడు, అతనికి చేతుల్లేని బనియను తప్ప ఏ చొక్కా పనిలో ఎరగం. మరి ఆ ఒడ్డుమీద చెయ్యి ఎవరిది? చెయ్యి కనిపించగానే ఎవరిదని చూడకుండా దించేశాడు పాపం, కొత్తవాడు. ఇప్పుడు ఒడ్డుమీద ఆ వేళకి ఉన్నవాడు, ఓడవైపు ముఖం పెట్టి ఉన్నవాడు కావాలి. నిమ్మళం బాబు వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాడు. "తమ్మీ, ఆ దినం నువ్వు గోడౌన్ కాడ ఉన్నవు గద?"

అవును, ఉన్నాను. తడిసిన బస్తాల పనిమీద ఇద్దరం కలిసే వెళ్ళాం. కాని నేను బస్తాలు చూసుకుంటున్నాను, ఏమీ చూడలేదు అన్నాను. అడిగేవాణ్ణి ఎవరూ అడగరు కాబట్టి అప్పటిదాకా ఆ సంగతి నేనూ ఆలోచించలేదు. "సూడలేదంటె సూడలేదు. ఉత్తగ నడిచొద్దాం దా" అని ఆయన నన్ను మర్నాడు అదే భోజనాల వేళకి అదే గోడౌన్ గుమ్మం దగ్గర నిలబెట్టాడు. మంచినీళ్ళు కూడా తెచ్చాడు. నా పళ్ళు పటపటలాడాయి గాని మావయ్య కోసం నిలబడ్డాను. ఎండ ఎలా ఉందో చెప్పాను. తడిసిన గోనె వాసన చెప్పాను. "నీ మనసుల ఏం నడుస్తుండె?" అన్నాడు. ఏమీ లేదన్నాను. ఆయన ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం సామాన్యమైంది కాదు. మంచంమీద పక్కకి జరిగి చోటిచ్చినట్టుంటుంది, మన మాట తనంత తనే వచ్చి కూర్చుంటుంది. "కుళ్ళు" అన్నాను చివరికి.

ఇక ఆగలేదు. మా మరదలు వాళ్ళ నాన్నకి క్యారియర్ తెచ్చిందని, నాకు కనపడి కూడా నన్ను దాటి ఈయన దగ్గరికి వెళ్ళిందని, క్యారియర్ మూత తీసి ఎండుచేపల పులుసు చూపించిందని, ఈయన ఓడకి వీపుపెట్టి నిలబడి వేలు ముంచి నాకాడని, నాకి నవ్వాడని, ఆమె కూడా నవ్విందని, అవసరమైనదానికంటే ఎక్కువసేపు నవ్విందని, నవ్వుతూ క్యారియర్ లోకి తల వంచుకుందని చెప్పాను. ఆమె చెప్పుకి వారు తెగితే పిన్నీసు పెట్టుకుందని, ఆ పిన్నీసు నేనిచ్చిందని, అది పెట్టుకుని వేరేవాడితో నవ్వడం న్యాయం కాదని చెప్పాను. ఆయన ఈసారి పెన్ను కింద పెట్టలేదు. అంతా రాసుకుంటున్నాడు. అంతా! "ఇప్పుడు ఎనకకు జెప్పు," అన్నాడు. "చప్పుడుకు ముంగట?" చప్పుడుకి ముందు ఆమె తల వంచుకుంది. దానికి ముందు నేను ఆమెని చూస్తున్నాను. దానికి ముందు... "దానికి ముందు నాకు ఇంకొకడి మీద కోపం వచ్చింది" అన్నాను. ఎవరి మీద? ఆమె వెనకాల, కాస్త దూరంలో, కోటు వేసుకున్న పెద్దమనిషొకడు చెయ్యి చాచి పైకీ కిందికీ ఊపుతున్నాడు. నా మరదల్ని పిలుస్తున్నాడనుకున్నాను. ఉన్నవాడు చాలక వీడొకడా అని వాడి చేతినే చూస్తున్నాను. నల్లకోటు చెయ్యి, అంచున గుండీలు. మెడలో టై.

నిమ్మళం బాబు పెన్ను మూత పెట్టాడు.

విచారణ బొడొబాబు గదిలో జరిగింది. ఒకవైపు టై సాహెబు, ఒకవైపు లీడరు దాదా, మావయ్య, భయ్యా, మధ్యలో బొడొబాబు. మరదలు క్యారియర్ తో వరండాలో కిటికీ పక్కనే ఉంది. ఆ కిటికీ మూస్తే ఉక్క, తీస్తే నా పరువు. తీసే ఉంచారు. నా స్టేట్‌మెంటుని నిమ్మళం బాబు ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో రాశాడు. కావాలనే కదా అని ఈనాటికీ నా అనుమానం. అడిగితే, "ఏది పనికొస్తదో మనకేం తెల్సు, అన్ని రాయాలె" అన్నాడు. బొడొబాబు అందులో ఒక్కొక్క వాక్యం చదివి, లీడరు దాదా కోసం బెంగాలీలో కూడా చెప్పాడు. సాక్షి తన మరదలు నవ్విన సమయం అవసరానికి మించినదని భావిస్తున్నాడు. సాక్షి ఈ విచారణాధికారి మీద అసూయతో ఉన్నట్టు స్వయంగా చెప్పుకున్నాడు. సాక్షి ఇచ్చిన పిన్నీసు... అక్కడ బొడొబాబు ఆగి, నన్ను ఒకసారి చూసి, "సేఫ్టీ పిన్ కే కీ బోలే?" అని, దాన్ని ఏమంటారని, లీడరు దాదాని అడిగి మరీ బెంగాలీలో చెప్పాడు. లీడరు దాదా సిగరెట్టు కింద పడేసుకుని నవ్వాడు. కిటికీ అవతల క్యారియర్ గిన్నెలు గలగలమన్నాయి. బండి పట్టాలు తప్పిందంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

కాని కోటు చెయ్యి దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. టై సాహెబు తను గోడౌన్ లో ఉన్నానన్నాడు, తరవాత ఒక నిమిషం బయటికి వచ్చి ఉండవచ్చన్నాడు, తరవాత ఈ అసూయపరుడి మాట ఎలా నమ్ముతారన్నాడు. నిమ్మళం బాబు మెల్లగా లేచి, "సార్, కుళ్ళుకునేటోడు కండ్లు తిప్పడు గద" అని తెలుగులోనే అని, మళ్ళీ ఇంగ్లీషులో చెప్పాడు. అప్పటిదాకా గోడకి అతుక్కుని ఉన్న భయ్యా ఒక్క అడుగు ముందుకేసి, టై సాహెబు కోటు చేతిని చూసి, "యహీ హాథ్ థా" అన్నాడు, ఇదే చెయ్యి అని. లారీ రాలేదని విసుగెత్తి, భోజనానికి ఆలస్యమౌతోందని, 'నేలమీదైనా దించండి, దించండి' అని తనే చెయ్యి ఊపానని, కింద తన కారే ఉందని చూసుకోలేదని టై సాహెబు ఒప్పుకునేసరికి టీ చల్లారిపోయింది. మావయ్య అప్పటిదాకా తన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు ముందుకి తెచ్చి, బొడొబాబుకి దణ్ణం పెట్టాడు.

ఆ సాయంత్రం యూనియన్ వాళ్ళు జెండాలు పట్టుకుని మావయ్యని డాక్ గేటు నుంచి క్వార్టర్ దాకా ఊరేగించారు. బంతిపూల దండ నిమ్మళం బాబు మెళ్ళో వేశారు. నేను వెనకాల నడుస్తూ ఆ దండ వైపే చూస్తున్నాను. చూసింది నేను, చెప్పుకుని పరువు పోగొట్టుకుంది నేను, దండ ఆయనకి! మరదలు నా పక్కకి వచ్చి నడిచింది. చాలాసేపు ఏమీ అనలేదు, ఆయన దగ్గర ఊరుకోవడం కూడా నేర్చుకున్నట్టుంది. చివరికి, "పిన్నీసు నీకు గుర్తుందేటి బావా?" అంది. "ఊఁ" అన్నాను. "అంత సూస్తావు గాని, ఒక్క మాట సెప్పవేం? ఆఫీసులో ఇంగ్లీషులో సెప్పాలా నాకు?" అంది. అక్కడే, ఊరేగింపు మధ్యలో, జిందాబాద్‌ల మధ్యలో, ఆమెకి చెప్పాను. ఆ గోలలో వినపడలేదని మళ్ళీ చెప్పించుకుంది. వినపడిందని నాకు తెలుసు.

ఆయన గడువు తీరి వెళ్ళిపోయేరోజు హౌరా స్టేషన్‌కి నేనే సాగనంపాను. (వెళ్ళాడని కళ్ళారా చూసుకోవాలి కదా.) బండి కదిలేముందు పర్సులోంచి ఒక ఫోటో తీసి చూపించాడు. భార్య, ఒళ్ళో పసిపిల్ల. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూసి, "నువ్వు అడగలే గద తమ్మీ" అన్నాడు. సాక్షుల్ని అడగడమే వృత్తిగా బతికినవాణ్ణి, అడగాల్సిన ఒక్క ప్రశ్న అడక్కుండా ఆరునెలలు నిద్ర చెడగొట్టుకున్నాను. బండి కదిలింది. ఆయన కిటికీలోంచి, "కండ్లు మస్తుగున్నయి నీకు, చెవులు జర పెంచుకో" అని అరిచాడు. ఆయన గొంతు పెంచి మాట్లాడటం వినడం అదే మొదలు, అదే ఆఖరు. బండి వెళ్ళాక చాలాసేపు ప్లాట్‌ఫారం మీదే నిలబడిపోయాను, ఆయన ఇంకో ఆరునెలలు ఉంటే బాగుండునని అనిపించి నామీద నాకే ఒళ్ళు మండింది.

మొన్న ఖిదిర్‌పూర్‌లో ఒక పెళ్ళికి వెళ్ళాం, మా మరదలూ నేనూ. (పెళ్ళయి ఇన్నేళ్ళయినా నేనింకా మరదలనే అంటాను, ఆమె విసుక్కుంటుంది.) అక్కడ తలనెరిసిన పెద్దమనిషొకాయన ఆమెతో చాలాసేపు నవ్వుతూ మాట్లాడాడు. నేను వడ్డన మా వరస దాకా ఎప్పుడొస్తుందా అని అటే చూస్తూ కూర్చున్నాను. ఆమె వచ్చి పక్కన కూర్చుని, కాసేపు నావైపు చూసి, "ఆయన ఎవురని అడగవేటి?" అంది. "ఎవరూ?" అన్నాను, పప్పు గిన్నె మీంచి కళ్ళు తియ్యకుండా. "ఇప్పుడడిగితే ఏటి లాభం" అని కుర్చీ అటు జరుపుకుంది. ఒకప్పుడు ఒక కోటు చేతి గుండీలు దూరం నుంచి చూసిన కళ్ళివి, పక్కనే కూర్చున్న మనిషి చిన్నబుచ్చుకోవడం ఎంతసేపటికి కనిపించిందో. మరి కాసేపటికి ఐస్‌క్రీం పంచే కుర్రాడు వచ్చి ఆమెకి రెండు కప్పులిచ్చి, "కాకీమా, ఇంకోటి తీసుకోండి" అని పిన్ని వరస కలిపి బెంగాలీలో బతిమాలాడు. ఆమె నవ్వింది, కాస్త ఎక్కువసేపే. నేను తినడం ఆపి వాణ్ణి పైనుంచి కిందిదాకా చూశాను. తెల్లచొక్కా, ఎడంచేతికి గడియారం, చెవి పక్కన పుట్టుమచ్చ. ఆమె ఒక కప్పు నా ముందుకి తోసి, కుర్చీ మళ్ళీ ఇటు జరుపుకుంది.